అప్పడం బాబావలి కాచిన జాజ్

హిందూపురంలో పరిగి రోడ్డు మీద, టీ అంగడికీ పంక్చర్ షాపుకీ నడుమ ఇరుక్కున్న రేకుల కొట్టు ఒకటుంది. బోర్డు మీద పసుపు అక్షరాలు: "బాబావలి. తబలా, డోలు, తాషా, బ్యాండు డ్రమ్ములు బాగుచేయబడును." దాని కింద, బోర్డు రాసినవాడు వద్దన్నా వినకుండా రాయించిన రెండో వరుస: "ఇతరులు బాగుచేసి చెడగొట్టినవి కూడా."

బాబావలికి యాభై ఆరేళ్ళు. ఎనిమిదో తరగతిలో ఉండగా, బల్ల మీద దరువేస్తున్నాడని లెక్కల అయ్యవారు బయటికి పొమ్మంటే పోయాడు. బయట కిటికీ రేకు బల్లకంటే బాగా మోగింది. ఇంక లోపలికి రాలేదు. బడి అతన్ని వదిలేసిందని ఊళ్ళోవాళ్ళంటారు. తానే బడిని వదిలేశానని ఆయనంటాడు. బడికి ఈ తగాదా సంగతి ఇప్పటికీ తెలిసి ఉండదు.

ఆయన నోరు తెరిచాడంటే టీ అంగట్లో గ్లాసులు చల్లబడాల్సిందే. ఒకసారి పెనుకొండ కొండ మీద దరువేస్తే, కింద రైల్వే గేటు కాపలాదారు బండి వస్తోందనుకొని గేటు వేసేశాడట. ఎంతసేపటికీ బండి రాదు, దరువు ఆగదు. గేటు దగ్గర నిలిచిపోయిన లారీల వరుస, బాబావలి చెప్పే రోజును బట్టి, సోమందేపల్లి దాకానో పాలసముద్రం దాకానో ఉంటుంది. వర్షం వచ్చిన రోజు బెంగళూరు దాకా కూడా పోయింది.

ఒక్క విషయంలో మాత్రం బాబావలి అంగుళం కూడా పెంచి చెప్పడు. అది పెనుకొండ ఖాజాసాబ్ జాజ్ సెట్టు సంగతి. దాన్ని పెంచాల్సిన పని లేదు. తలుచుకుంటే చాలు, కడుపులో మంట దానంతటదే పెరుగుతుంది.

డ్రమ్స్ సెట్టును ఈ వైపు బ్యాండు వాళ్ళు జాజ్ అంటారు. కాలితో కొట్టే పెద్ద బేస్ డ్రమ్ము, దాని నెత్తిన రెండు చిన్నవి, పక్కన మూడు కాళ్ళ మీద నిలబడేది ఒకటి, ముందర స్నేర్ అనే పల్చటి డ్రమ్ము ఒకటి, తాళాల్లాంటి రెండు ఇత్తడి సింబల్స్. ఖాజాసాబ్ దగ్గరున్నది ఇంగ్లండు సరుకు. బెంగళూరు క్లబ్బులో వాయించే ఒక ఆంగ్లో ఇండియన్ ఆయన దేశం విడిచి పోతూ చేతిలో పెట్టి పోయాడు. చుట్టుపక్కల తాలూకాల్లో అలాంటిది రెండోది లేదు.

ఆ జాజ్ చుట్టూ తిరిగిన శిష్యులు ఇద్దరు. ఒకడు బాబావలి, మెడలో వేసుకొని పుల్లలతో కొట్టే తాషా వాయించే ఇంటి పిల్లవాడు. రెండోవాడు శివకృష్ణ, ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటివాడు. ఆదివారం ఆదివారం రైలెక్కి పెనుకొండకు వచ్చేవాడు. జాజ్ ఒకటే కాబట్టి ఒకడు వాయిస్తుంటే ఇంకొకడు పక్కన నిలబడి తాళం లెక్క చెప్పాలి. తాను గంట వాయిస్తే అవతలివాడు గంటన్నర వాయించేవాడని బాబావలి ఫిర్యాదు. శివకృష్ణ ఫిర్యాదు కూడా అదే, పేర్లు తారుమారు చేసుకుంటే సరి.

అప్పడం పేరు అంటుకున్నది ఆ రోజుల్లోనే. తాషా ఇళ్ళల్లో వాయించేముందు చేసే మొదటి పని తోలు కాచడం. నాలుగు గడ్డిపరకలు వెలిగించి తోలును సెగకు చూపిస్తే, అది బిగుసుకొని ఖంగున పలుకుతుంది. పీర్ల పండగలో గుండం పక్కన తాత, నాయన అలా కాచడం చూస్తూ పెరిగినవాడు బాబావలి. బత్తలపల్లిలో ఒక పెళ్ళికి పోయినప్పుడు, ఉస్తాద్ ఖాజాసాబ్ మెచ్చుకుంటాడని, అడగకముందే స్నేర్ ఎత్తుకుపోయి మంటకు పట్టాడు. దాని మీదున్నది తోలు కాదు. ఉస్తాద్ బెంగళూరు నుంచి కొత్తగా తెప్పించి వేసిన ప్లాస్టిక్. సెగ తగలగానే అది ముడుచుకొని, బుడగలు పొంగి, అంచులు పైకి లేచి, నూనెలో వేసిన అప్పడమైపోయింది.

ఉస్తాద్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టాడు. మాట అన్నవాడు శివకృష్ణ. అప్పడం సిద్ధంగా ఉంది, సాంబారు యాడుండాదని పెళ్ళివాళ్ళందరూ వినేట్టు అడిగాడు. ఆ సాయంత్రానికి పేరు బస్సెక్కి ధర్మవరం చేరింది, మర్నాటికి పెనుకొండ, వారానికి హిందూపురం. ముప్పై ఆరేళ్ళు గడిచినా దిగలేదు.

బాబావలి చేతికి ఇంకో జబ్బు కూడా ఉండేది. ఏదైనా కనిపిస్తే విప్పి చూడాలి. ఉస్తాద్ చేతిగడియారం ఒకసారి నిలిచిపోతే బాగుచేస్తానని విప్పాడు. బిగించాక రెండు చక్రాలు మిగిలాయి. గడియారం తిరిగింది, అయితే వెనక్కి తిరిగిందని శివకృష్ణ అంటాడు. అది అబద్ధమనీ, తిరగనే లేదనీ బాబావలి అంటాడు.

ఇరవై ఆరేళ్ళ కిందట ఖాజాసాబ్‌కు మోకాళ్ళు పట్టేశాయి. జాజ్ ఎవరికిస్తాడన్నది అడగాల్సిన ప్రశ్నే కాదని బాబావలి అనుకున్నాడు. బేస్ డ్రమ్మును బస్సు టాపు మీద కావలించుకొని ఊరూరా మోసినవాడు తాను. నట్లకు నూనె పెట్టినవాడు, సింబల్స్ చింతపండుతో తోమినవాడు తాను. శివకృష్ణ చేసిందల్లా వచ్చి కూర్చుని వాయించడమే. ఉస్తాద్ మంచం మీద నుంచి ఒక్క మాటన్నాడు: "శివకృష్ణ తీసుకపోనీ." ఎందుకో చెప్పలేదు. బాబావలి అడగలేదు. పదకొండేళ్ళ కిందట ఉస్తాద్ పోయాడు, ఆ కారణమూ ఆయనతోపాటే పోయింది.

అప్పటి నుంచి బాబావలి శివకృష్ణ మొహం చూడకుండా, శివకృష్ణ సంగతులన్నీ తెలుసుకుంటూ బతికాడు. ఏ ఊళ్ళో ప్రోగ్రాం, ఎంతమంది జనం, ఎవరు శాలువా కప్పారు, అన్నీ కావాలి. ధర్మవరం నుంచి ఎవరు వచ్చినా, ఆ జాజ్ ఇంకా మోగుతోందా అని మాటల్లో మాటగా అడిగేవాడు. మోగుతోందంటే ఆ పూట అన్నం సగం వదిలేసేవాడు. కదిరి దారిలో ముదిగుబ్బ దగ్గర ఒక ఫ్లెక్సీ మీద శివకృష్ణ ఫోటో చూసి, ఆ జుట్టు రంగేసిందా సొంతదా అని తేల్చుకోవడానికి బస్సు దిగి, తర్వాతి బస్సు కోసం రెండు గంటలు కూర్చున్నాడు. రంగేసిందే. ఆ తృప్తితో వారం రోజులు గడిచాయి.

పోయిన జూన్‌లో ఒక పొద్దున కొట్టు ముందర టెంపో ఆగింది. గోనెసంచుల్లో మూటలు, వాటి వెనక శివకృష్ణ.

"ఏమబ్బా అప్పడం, బాగుండావా?"

బాబావలి తబలా మీదనుంచి తల ఎత్తలేదు. "టిఫిన్ ఈడ దొరకదప్పా. హోటలు అవతలుండాది."

శివకృష్ణ నవ్వి, పిలవకుండానే స్టూలు లాక్కొని కూర్చున్నాడు. ఉస్తాద్ భార్య జమీలాబీ కబురు పెట్టిందని చెప్పాడు. ఆగస్టులో మనవరాలు రుక్సానా పెళ్ళి. ఆ రోజు వాకిట్లో ఉస్తాద్ జాజ్ మోగాల్సిందే, డీజే పెడితే తాను గదిలో నుంచి బయటికి రానని ముసలమ్మ పట్టుబట్టింది.

"అయితే మోగించుపో. నీదే కదా అది."

"మోగేట్టుంటే నీ కాడికి యాల వస్తానబ్బా?"

మూటలు విప్పారు. బాబావలి చూశాడు. అందరూ కరెంటు ప్యాడ్‌ల మీద వాయించడం మొదలుపెట్టాక శివకృష్ణ జాజ్‌ను మగ్గాల ఇంట్లో అటక మీద పెట్టేశాడు. తొమ్మిదేళ్ళు అక్కడే ఉంది, వచ్చినవాళ్ళు మోగుతోందన్నది ప్యాడ్‌లేనన్నమాట. ప్లాస్టిక్‌లు చిరిగాయి. నట్లు తుప్పు పట్టి పిడచకట్టాయి. చెక్క పొరలు విడిపోయి నోళ్ళు తెరిచాయి. బేస్ డ్రమ్ములో ఎలుక పట్టుపోగులతో పరుపు వేసుకొని కాపురం చేసి, పిల్లల్ని పెంచి, ఖాళీ చేసి పోయింది.

బాబావలికి ఒకేసారి రెండు జరిగాయి. కళ్ళు చెమర్చాయి, కడుపు చల్లబడింది. చూశావా ఉస్తాద్, ఎవరి చేతిలో పెట్టావో చూశావా అనుకున్నాడు.

శివకృష్ణ బెంగళూరంతా తిరిగొచ్చాడట. ఈ పాత కొలతలకు ప్లాస్టిక్‌లు ఇప్పుడు రావనీ, తోలే వేయాలనీ చెప్పారు. తోలు వేసేవాడెవరంటే నలుగురూ ఒక్క పేరే చెప్పారు. ఆ పేరు చెప్పేటప్పుడు శివకృష్ణ గోడ వైపు చూశాడు. బాబావలికి ఆ గోడ వైపు చూడటం ఎంత నచ్చిందంటే, అది చూడటానికైనా పని ఒప్పుకోవచ్చనిపించింది.

నలభై రోజులు వేరే పని ముట్టలేదు. నట్లను కిరసనాయిల్లో నానబెట్టి ఒక్కొక్కటే బతిమాలి విప్పాడు. విడిపోయిన చెక్క పొరల్లో జిగురు దూర్చి, సైకిల్ ట్యూబు ముక్కలు బిగించి చుట్టి, వారం ఎండబెట్టాడు. ఇంట్లో భార్య రేష్మ వంటగట్టు నల్లరాయి అద్దంలా సమంగా ఉంటుంది. డ్రమ్ము అంచును దానిమీద బోర్లించి, లోపల బల్బు వెలిగించి, ఎక్కడ వెలుతురు బయటికి కారుతోందో అక్కడ ఉప్పుకాగితంతో రుద్దాడు. చుట్టూ ఒక్క గీత వెలుతురు కూడా బయటికి రానంతవరకు రేష్మకు వంటగట్టు తిరిగి దక్కలేదు. ఆ పది రోజులూ నేలమీదే వంట.

తోళ్ళ కోసం గుడిబండ దాకా పోయాడు. ఆయన తెచ్చిన మేకపోతు మామూలు మేకపోతు కాదట. అది అరిస్తే కర్ణాటక వైపు మేకలన్నీ తలలు తిప్పేవట. సరే, తోలు మాత్రం మంచిదే. నానబెట్టి, వెంట్రుక గీకి, రింగులకు మడిచి, నీడన ఆరబెట్టాడు. బిగించేటప్పుడు ఒక నట్టు తిప్పితే తర్వాత దాని ఎదురుది, మళ్ళీ పక్కది, మళ్ళీ దాని ఎదురుది. వేలితో తట్టి, చెవి ఆనించి, మళ్ళీ చిటికెడు తిప్పి. ఈసారి ఒక్క నట్టు కూడా మిగల్లేదు.

ఆ నలభై రోజులూ ఆయన మనసులో ఒకటే లెక్క. పెళ్ళిలో జాజ్ మోగుతుంది, జమీలాబీ వింటుంది, ఇది ఎవరికి చెందాల్సిందో అప్పుడైనా తెలుసుకుంటుంది. తిరిగి ధర్మవరం అటక మీదికి పోవద్దు, బాబావలి దగ్గరే ఉండనీ అంటుంది. శివకృష్ణ ఆమె మాట కాదనడు. అంతే, జాజ్ ఇంటికొచ్చినట్టే.

అలా ఉండగా ధర్మవరం నుంచి ఒక మూట వచ్చింది. పైన రంగురేకు ఊడిపోయిన చెక్కలకు చుట్టమని శివకృష్ణ తన మగ్గం మీద, భార్య అమృత చేత నేయించిన పట్టుగుడ్డ. నెమలికంఠం రంగు. ఇటు నుంచి చూస్తే నీలం, అటు నుంచి చూస్తే పచ్చ. అంచులో సన్నటి జరీ. చుట్టి, వార్నిష్ మూడు పూతలు వేసేసరికి, పరిగి రోడ్డు మీద పోయే బైకులు ఆగడం మొదలుపెట్టాయి. ఆగినవాళ్ళందరూ అడిగింది ఒకటే: ఈ పట్టు యాడిదప్పా? చెక్క ఎవరు అతికించారని ఒక్కడూ అడగలేదు. పంక్చర్ షాపతను కూడా, ఇరవై ఏళ్ళ పరిచయస్తుడు, ధర్మవరం పనితనమంటే ధర్మవరం పనితనమే అనేశాడు.

ఆ మధ్యాహ్నం బాబావలికి అన్నం దిగలేదు. నేరుగా పెయింటు అంగడికి పోయి ఎర్ర ఎనామిల్ డబ్బా తెచ్చాడు. బేస్ డ్రమ్ము ముందువైపు తోలు జనానికి ఎదురుగా ఉంటుంది. దాని మీద, పట్టు కనిపించకపోయినా ఇది కనిపించాలన్నంత పెద్దగా రాశాడు: "తయారీ: బాబావలి, హిందూపురం."

శివకృష్ణ తీసుకుపోవడానికి వచ్చిన రోజు ఎండ పెళపెళలాడుతోంది. కొట్టు ముందరే జాజ్ పరిచి కూర్చుని ఒక దరువేశాడు. టీ అంగట్లో ఉన్నవాళ్ళు గ్లాసులతో సహా బయటికొచ్చారు. ప్లాస్టిక్ అరుస్తుంది. ఇది మాట్లాడుతోంది. బాబావలి రెండడుగులు ముందుకు వేశాడు. తోలు గదా అబ్బా, చెమ్మ తగిలితే సాగుతుంది, వాన పట్టిందంటే పక్కన నిప్పులు పెట్టుకో అని చెప్పడానికి నోరు తెరిచాడు. తాషా ఇంట్లో పుట్టినవాడికి ఇది ఊపిరితో వచ్చిన సంగతి. ప్లాస్టిక్ మీదే చేయి తిరిగిన శివకృష్ణకు తెలిసే దారి లేదు.

సరిగ్గా అప్పుడే శివకృష్ణ పుల్లలు ఒళ్ళో పెట్టుకొని, "పర్వాల్యా. అప్పడం గూడా పని నేర్చుకున్న్యాడే" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఆ నవ్వులో నలభై రోజుల లెక్క కొట్టుకుపోయింది. బాబావలి నోరు మూసుకున్నాడు. టెంపో పోయేదాకా తెరవలేదు.

పెళ్ళి రోజు పెనుకొండలో పొద్దున్నుంచే తుంపర. కొండ కనబడకుండా మబ్బు దిగింది. బాబావలి ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, మీసం దువ్వుకొని, ఆ ముసురును చూస్తూ ఎంత హాయిగా నడిచి వచ్చాడంటే, గొడుగు తెచ్చుకున్న సంగతే మరిచిపోయాడు. నిఖా అయింది. వాకిట్లో షామియానా కింద పాటలు మొదలయ్యాయి. మధ్యలో నెమలికంఠం జాజ్, దాని వెనక రంగేసిన జుట్టు.

మొదటి రెండు పాటలు బాబావలికి నరకం. సంచుల్లోంచి అప్పుడే తీసిన తోళ్ళు ఇంకా బిగువుగానే ఉన్నాయి. శివకృష్ణ చేయి ఇన్నేళ్ళయినా ఏమీ పోలేదు. ఎడమ చేతిలో ఆ మెత్తటి విరుపు, ఉస్తాద్ చేతిదే, అచ్చంగా అదే. తనకు ఎంత సాధన చేసినా రాలేదది. మూడో వరుస కుర్చీలో కూర్చుని బాబావలి ఆ విరుపును చూసి ఉడికిపోయాడు. ముదిగుబ్బ నుంచి వచ్చిన పెళ్ళికొడుకు తరఫువాళ్ళు శివకృష్ణకు ఈలలు వేస్తుంటే, ఆ ఈలలన్నీ తన చెవిలోనే దిగాయి.

మూడో పాటలో జాజ్ గొంతు దిగడం మొదలైంది. ఖంగుమన్నది దబ్బుమంది. దబ్బుమన్నది బొదబొదమంది. శివకృష్ణ నట్లు తిప్పే తాళం చెవి తీసి బిగించాడు. ఇంకా బిగించాడు. నానిన గోనెసంచి మీద కొట్టినట్టే ఉంది. పాడేవాడు వెనక్కి తిరిగి చూశాడు. జనం నవ్వారు. బాబావలికి అది షీర్ ఖుర్మా పాయసం గ్లాసెత్తి తాగినట్టుంది. కాలు మీద కాలు వేసుకున్నాడు.

పక్క కుర్చీలో ముదిగుబ్బ పెద్దాయన ఒకరు కళ్ళద్దాలు సర్దుకొని ముందుకు వంగి, బేస్ డ్రమ్ము మీది ఎర్ర అక్షరాలు కూడబలుక్కొని చదివాడు. "తయారీ... బాబావలి... హిందూపురం. వాయించేటోడు పాపం మంచోడే. చేసినోడే దొంగనాబట్ట. ఎవురప్పా ఈ బాబావలి?" అంటూ ఇటు తిరిగాడు. "మీదేవూరప్పా?"

"లేపాక్షి" అన్నాడు బాబావలి.

వెనక వరుసలో కూడా ఆ పేరే చదువుతున్నారు. హిందూపురంలో డ్రమ్ములు బాగుచేయడానికి ఇచ్చేవాడికి బుద్ధి లేదని ఎవరో అన్నారు. పట్టు మాత్రం ఎంత బాగుందో అని ఇంకొకరు. ఫోన్లు తీసి వీడియోలు పడుతున్నారు, ప్రతి వీడియోలోనూ శివకృష్ణ మొహం సగం, తన పేరు పూర్తిగా. అంత పెద్దగా రాసిన చేతిని బాబావలి ఒళ్ళో దాచుకున్నాడు.

అప్పుడు గడప దగ్గర కుర్చీలో నుంచి జమీలాబీ గొంతు వినిపించింది. ఆమెకు చూపు ఆనదు, వినికిడి మాత్రం పదునే. పాట ఆగిన సందులో నెమ్మదిగా అడిగింది: "ఇది మన బాబావలి చేసిందేనా? వాడు చేసింది ఇట్ల ఉండదే."

లేపాక్షి వాడు కుర్చీలోంచి లేచాడు.

పందిరి వెనక వంటమనిషి నజీర్ బిర్యానీ దమ్ముకు పెట్టాడు. హండా మూత మీద ఎర్రటి నిప్పులు పరిచి ఉన్నాయి. బాబావలి ఒక ఇనుప బాండ్లి, గరిటె పట్టుకొని ఆ నిప్పులు ఎత్తడం మొదలుపెట్టాడు. దమ్ము చెడిపోతుందని నజీర్ చేయి పట్టుకున్నాడు. అన్నం చెడితే మళ్ళా వండుకోవచ్చు, నా పేరు చెడితే యాడ వండుకోవల్ల అని, విదిలించుకొని, నిప్పుల బాండ్లితో జాజ్ దగ్గరికి నడిచాడు. వంగి, పైనున్న చిన్న డ్రమ్మును ఊడదీసి, నిప్పుల మీదికి వంచాడు.

పెనుకొండ పాతవాళ్ళు ముందుగా గుర్తుపట్టారు. అప్పడం మళ్ళీ కాలుస్తాండాడురోయ్ అని ఒకరన్నారో లేదో, షామియానా అంతా గొల్లుమంది. శివకృష్ణ స్టూలు మీంచి దూకి డ్రమ్మును పట్టుకున్నాడు.

"వద్దురా, కాలిపోతాది."

"ఇది తోలురా. ప్లాస్టిక్ గాదు. వదులు."

శివకృష్ణ వదల్లేదు. ఇద్దరూ చెరోవైపు పట్టుకొని నిలబడ్డారు. నిప్పుల సెగ ఇద్దరి మొహాల మీదా కొడుతోంది. బాబావలి వేలితో తోలును తట్టాడు. టంగ్ అంది. శివకృష్ణ చేయి తనంతట తానే వదిలింది. డ్రమ్మును చూశాడు, తుంపరను చూశాడు, బాబావలిని చూశాడు.

"వానకు సాగుతాదని నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"మరి నాకు యాల చెప్పల్యా?"

బాబావలి డ్రమ్మును సెగ మీద గుండ్రంగా తిప్పుతూ ఉన్నాడు. "ముప్పై ఆరేండ్లు అప్పడం అప్పడం అంటివి. ఒక్కరోజు నువ్వు గూడా అప్పడం కావల్లనుకొంటి. అయితివి. నేను గూడా అయితి."

శివకృష్ణ నుదుటి చెమట తుడుచుకున్నాడు. తర్వాత స్టూలు దగ్గరికి పోయి పుల్లలు తీసుకొని, "కాయి తొందరగా. జనం లేసిపోతాండారు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం పదకొండు పాటలు. ఒక డ్రమ్ము మోగుతుంటే ఇంకొకటి నిప్పుల మీద. చల్లారేలోగా అది ఇక్కడికి, ఇది అక్కడికి. ఏ డ్రమ్ము ఎప్పుడు దిగుతుందో బాబావలి లెక్క పెట్టుకొని, శివకృష్ణ చేయి పైకి లేచిన సందులో దాన్ని లాగి, వేడిది పెట్టాలి. ఒక్కసారి కూడా తప్పలేదు. జాజ్ మొత్తం బిర్యానీ వాసన కొట్టింది. ముదిగుబ్బ పెద్దాయన, ఈ లేపాక్షాయన ఎవరో గాని నిప్పు పని బాగా తెలిసినవాడని మెచ్చుకున్నాడు. బేస్ డ్రమ్మును ఊడదీయడం కుదరక బాండ్లినే దాని ముందు పెడితే, తోలు బిగిసింది గాని పైన ఎనామిల్ ఉబ్బింది. "బాబావలి"లో చివరి రెండు అక్షరాలు బుడగలు లేచి, అచ్చం అప్పడాల్లా పొంగాయి. అది చూసి శివకృష్ణ రెండు దెబ్బలు తప్పాడు. ఆ రెండు దెబ్బలూ బాబావలి ఈ జన్మకు మరిచిపోడు, ఎవరినీ మరిచిపోనివ్వడు.

జనం భోజనాలకు లేచాక ఇద్దరూ పోయి జమీలాబీ ముందు కూర్చున్నారు. ఆమె బాబావలి చెయ్యి తడిమి పట్టుకుంది, అరచేయి ఇంకా వేడిగా ఉంది. ఇన్నేళ్ళ కడుపు మంట నోటిదాకా వచ్చి, అడిగేశాడు. ఉస్తాద్ జాజ్ తనకెందుకివ్వలేదని.

ముసలమ్మకు అది రహస్యమని కూడా తెలియదు. "దానికేముందప్పా. బాబావలికిస్తే బాగుచేస్తానని విప్పుకోని కూచుంటాడు, మళ్ళా బిగించడు అన్న్యాడు. శివకృష్ణకయితే విప్పే తెలివి ల్యా, వాని కాడుంటే అట్లే ఉంటాది అన్న్యాడు." శివకృష్ణ మొహం మాడింది. ఆమె ఊపిరి తీసుకొని కొనసాగించింది. "చెడిపోతే? అని నేనంటి. చెడిపోతే బాబావలి ఉండాడు కదా, వాడు యాడికి పోతాడు అన్న్యాడు."

బాబావలి ఆ మాటను పెట్టుకోవడానికి లోపల చోటు వెతుక్కున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ చోట్లో వేరేది కూర్చుని ఉంది. అది కాస్త పక్కకు జరిగింది గాని, పూర్తిగా లేవలేదు. జాజ్ నా దగ్గరుంచమని చెప్పమ్మా అనే మాట నాలుక చివర ఉండిపోయింది. ఉస్తాద్ చెప్పిందే నిజమని ఆయనకు తెలుసు. హిందూపురం తీసుకుపోతే రేపు పొద్దున్నే విప్పేస్తాడు. ఆ స్నేర్ కింది స్ప్రింగు ఇంకొంచెం బాగుచేయొచ్చని అప్పటికే మనసులో ఉంది.

సాయంత్రం టెంపో జాజ్‌తో ధర్మవరం పోయింది. బాబావలే ఎత్తి పెట్టాడు, తాడు కూడా ఆయనే కట్టాడు.

ఇప్పుడు వాన పట్టిన రోజున ధర్మవరం నుంచి ఫోను వస్తుంది. ఎక్కడో ఒక ప్రోగ్రాం ఉంటుంది. బాబావలి ఇనుప బాండ్లి సంచిలో పెట్టుకొని రైలెక్కుతాడు. తాను నిప్పు చూపిస్తే తప్ప జిల్లాలో ఒక్క డ్రమ్ము కూడా నోరెత్తదని బోగీలో అందరికీ చెబుతాడు. గేటు దగ్గర లారీల కథలోకి ఈమధ్య బిర్యానీ కూడా వచ్చి చేరింది.

మొన్న శివకృష్ణ వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. బేస్ డ్రమ్ము మీద ఉబ్బిపోయిన ఎనామిల్ గీకించి, ధర్మవరంలో బోర్డులు రాసేవాడి చేత మళ్ళీ రాయించాడు. "తయారీ: బాబావలి, హిందూపురం." దాని కింద కొత్తగా ఇంకో వరుస: "వాయించేది: శివకృష్ణ, ధర్మవరం."

బాబావలి ఫోటోను చాలాసేపు చూశాడు. కొట్టులోంచి కొలత స్కేలు తెచ్చి ఫోను అద్దం మీద ఆనించాడు. పై వరుస, కింది వరుస. మళ్ళీ పై వరుస. లెక్కల అయ్యవారు లేకుండానే లెక్క తేలింది. అసలు డ్రమ్ము మీదికి వస్తే కింది అక్షరాలు అర అంగుళం పెద్దవి.

వెంటనే ఫోను చేశాడు. బేస్ డ్రమ్ములో ఏదో తేడా కనబడుతోంది, పంపించమన్నాడు.

"ఫోటోలో తేడా ఎట్ల కనపడిందిరా నీకు?"

"నాకు కనపడతాదిలే. వానలు పడకముందే పంపు."

ఫోను పెట్టేసి, అరమీద ఉన్న ఎర్ర ఎనామిల్ డబ్బా దించి, మూత ఊడుతుందో లేదో చూసుకున్నాడు.